షూటింగ్ లైను దాకా

మాది విస్సన్నపేట దగ్గర ఒక లంబాడీ తండా. చుట్టూ మామిడి తోటలే. తోటలు మావి కావు, కాపలా మాది. పూత నిలిచిన దగ్గర నుంచి కాయ దించేదాకా మా తండా మగవాళ్ళు సగంమంది తోటల్లోనే పడుకుంటారు. రసాలు, బంగినపల్లి, కలెక్టరు, ఏ తోటలో ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో మాకు నోటిలెక్క. చిలకలు వాలితే వడిసెల, కోతులు వస్తే పంగలకర్ర. మా చేతిలో రాయి గురి తప్పదని చుట్టుపక్కల రైతులు కూడా ఒప్పుకుంటారు.

కాపలా గుడిసెలో రాత్రిపూట నలుగురం ఒక ఫోను చుట్టూ చేరతాం. ఊళ్ళో అందరూ ఐపీఎల్ చూసే కాలంలో మేము విలువిద్య పోటీలు చూస్తాం. ఎందుకంటే ఆర్చరీ ప్రపంచకప్ పోటీలు మొదలయ్యేది కూడా సరిగ్గా మామిడి సీజన్‌లోనే, ఏప్రిల్, మే నెలల్లో. మాకు అలా అలవాటైంది. ఈ వ్యాసం ఆ గుడిసెలో మేము పడిన గొడవల గురించే.

మాకు ఈ పిచ్చి పట్టించింది విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ. బస్సెక్కితే మా ఊరి నుంచి విజయవాడ రెండు గంటల దారి. అక్కడి వోల్గా ఆర్చరీ అకాడమీ పేరు పేపర్లో చాలాసార్లు చూశాం. ఆ అకాడమీకి ప్రాణం పోసిన చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాత కూడా ఆ ఊరు విల్లు దించలేదు. సురేఖ వేసేది కాంపౌండ్ విల్లు, అంటే చక్రాలుండే విల్లు. యాభై మీటర్ల దూరం. బొమ్మదేవర ధీరజ్‌దీ విజయవాడే. అతను వేసేది రికర్వ్ విల్లు, డెబ్బై మీటర్ల దూరం. ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా ఉన్నది రికర్వ్ ఒక్కటే. 2028 లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి కాంపౌండ్ మిక్స్‌డ్ జట్టు పోటీ పెడుతున్నారు. ఆ వార్త చదివిన రోజు గుడిసెలో మేము టీ కాచుకుని పండగ చేసుకున్నాం.

అభిమానులం కాబట్టి సంతోషం ఎంతో కోపమూ అంతే. మొదటి కోపం 2019ది. ఆ ఏడాది భారత ఆర్చరీ సంఘంలో రెండు వర్గాలు వేర్వేరుగా ఎన్నికలు పెట్టుకున్నాయి. ప్రపంచ సంఘం విసిగిపోయి మన సంఘాన్ని సస్పెండ్ చేసింది. ఆ నవంబరులో బ్యాంకాక్‌లో ఆసియా పోటీలు జరిగితే మన ఆటగాళ్ళు మన జెండా కింద ఆడలేకపోయారు. సురేఖ, అభిషేక్ వర్మ కలిసి మిక్స్‌డ్ జట్టు బంగారు పతకం గెలిచారు. గెలిచినా జనగణమన వినపడలేదు. కుర్చీల కోసం కొట్లాడుకున్నది ఎవరో, జెండా పోగొట్టుకున్నది ఎవరో! తండాలో ఇద్దరు పెద్దలు పంచాయతీలో మాట పట్టింపుకి పోతే పెళ్ళికూతురు పందిట్లో కూర్చుని ఏడ్చినట్టుంది అన్నాం అప్పుడు. 2020 జనవరిలో మళ్ళీ ఎన్నికలు జరిగి సస్పెన్షన్ తీసేశారు.

రెండో కోపం 2024 పారిస్‌ది. కొరియా నుంచి బేక్ వూంగ్‌కి అనే కోచ్‌ని తెచ్చుకున్నాం. 2012 లండన్‌లో కొరియా అమ్మాయిలకు కోచ్‌గా ఉన్నది ఆయనే. మన జట్టుని ఒలింపిక్స్ కోసం తయారు చేశాడు. తీరా పోటీలు మొదలయ్యే ముందు ఆయనకు మైదానంలోకి వెళ్ళే అక్రెడిటేషన్ కార్డు రాలేదు. ఫ్రాన్స్ దాకా వచ్చిన మనిషి తిరిగి వెళ్ళిపోయాడు. తప్పు నాది కాదంటే నాది కాదని పెద్దలు మాటలు విసురుకున్నారు.

ఆ గేమ్స్‌లో అబ్బాయిల జట్టు, అమ్మాయిల జట్టు రెండూ క్వార్టర్ ఫైనల్లో పోయాయి. ఆగస్టు 2న మిక్స్‌డ్ జట్టులో ధీరజ్, అంకితా భకత్ సెమీఫైనల్ దాకా వెళ్ళారు. అంతకుముందు మన విలుకాళ్ళెవరూ ఒలింపిక్స్‌లో అంత దూరం వెళ్ళలేదు. కంచు పతకం పోటీలో అమెరికా చేతిలో 6-2తో ఓడి నాలుగో స్థానంలో ఆగారు. 1988 నుంచి ఒలింపిక్స్‌లో బాణాలు వేస్తున్నాం, ఒక్క పతకం లేదు.

ఆ రాత్రి మాలో మాకే గొడవైంది. ఒకడు, "కొరియా ఆయన వెనక నిలబడి ఉంటే ఆ ఒక్క సెట్ వచ్చేది" అన్నాడు. ఇంకొకడు, "బాణం వేసేది ఆటగాడు, కోచ్ కాదు. ఎప్పుడూ బయటివాడి కోసం చూడటమేనా?" అన్నాడు. మా మాట ఏంటంటే ఇద్దరిదీ సగం నిజమే. కోచ్ బయటివాడా ఇంటివాడా అన్నది పెద్ద విషయం కాదు. నెలల తరబడి ఒక మనిషి మాట వినడం అలవాటైన ఆటగాడికి, గాలి తిరిగిన క్షణంలో అదే గొంతు వినపడాలి. కాయ దించేరోజున మేస్త్రీని మారిస్తే ఏమవుతుందో మాకు తెలుసు. కాయ దెబ్బ తింటుంది.

మూడో గొడవ సెలక్షన్ గురించి. 2022 మొదట్లో ట్రయల్స్ తర్వాత ప్రపంచకప్ మొదటి రెండు పోటీల జట్టులో సురేఖ పేరు లేదు. మేము మండిపడ్డాం. "అంత పేరున్న ఆటగత్తెని పక్కన పెడతారా?" అని తిట్టుకున్నాం. అప్పుడు మాలో పెద్దవాడొకడు నిదానంగా అన్నాడు: "ట్రయల్స్‌లో మార్కులు చూసి తీసుకుంటే పేరుతో పనేముంది? పేరు చూసి తీసుకోవడం మొదలుపెడితే మన పిల్లల పేరు ఎవరికి తెలుసు?" ఆ మాటకి మేమెవ్వరం జవాబు చెప్పలేకపోయాం. తర్వాత జూన్‌లో పారిస్ ప్రపంచకప్‌కి సురేఖ తిరిగి జట్టులోకి వచ్చింది, మిక్స్‌డ్‌లో బంగారం, సింగిల్స్‌లో వెండి తెచ్చింది. ఆసియా క్రీడలు ఒక ఏడాది వాయిదా పడ్డాయి. 2023లో హాంగ్జౌలో ఆమె మూడు బంగారు పతకాలు గెలిచింది. మాకు అర్థమైంది ఇది: మార్కులతో నడిచే సెలక్షన్ ఒక్కోసారి మనకిష్టమైనవాళ్ళని కూడా బయట పెడుతుంది. అయినా దిక్కులేనివాడికి అదే దిక్కు. మార్కు కులం అడగదు, తండా పేరు అడగదు.

కానీ మార్కు వేసే లైను దాకా చేరాలి గదా. అసలు కథ అక్కడుంది.

ఈ ఆట గురించి మాట్లాడేవాళ్ళు మమ్మల్ని చూసి తరచుగా ఒక మాట అంటారు. "మీరు గిరిజనులు, విల్లు మీ రక్తంలోనే ఉంటుంది" అని. పొగడ్తే అనుకుంటారు. మా తాతలు విల్లు పట్టలేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని దేశమంతా తిరిగారు. విల్లు కోయవాళ్ళది, కొండరెడ్లది. అయినా రక్తంలో ఉంటే సరిపోతుందా? రాజస్థాన్ భిల్లు యువకుడు లింబా రామ్‌ని చూడండి. వెదురు విల్లుతో వేటాడిన కుర్రాడు. 1987లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్ళు గిరిజన ప్రాంతాల్లో వెతుక్కుంటూ వచ్చి పరీక్ష పెట్టి తీసుకువెళ్ళారు. ఢిల్లీలో శిక్షణ ఇచ్చారు. మరుసటి ఏడాదే సియోల్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. తర్వాత బార్సిలోనా, అట్లాంటా. 1992 ఆసియా పోటీల్లో ముప్ఫై మీటర్ల దూరంలో 360కి 358 కొట్టి ప్రపంచ రికార్డుని అందుకున్నాడు. తర్వాత జాతీయ జట్టుకి కోచ్ కూడా అయ్యాడు. అందులో రక్తం ఎంత, ఆ వెతుక్కుంటూ వచ్చిన మనుషులెంత? వాళ్ళు రాకపోతే ఆ చెయ్యి పిట్టలు కొట్టుకుంటూనే ఉండేది.

జార్ఖండ్ హో తెగ కుర్రాడు మంగళ్ సింగ్ చాంపియా 2008 బీజింగ్ ర్యాంకింగ్ రౌండ్‌లో 678 మార్కులతో ప్రపంచంలో రెండోవాడిగా నిలిచాడు. తర్వాత నాకౌట్‌లో ఒకే ఒక్క మార్కు తేడాతో పోయాడు. అతన్ని ఓడించిన రష్యావాడు కంచు పతకం తీసుకుపోయాడు. సంతాల్ అమ్మాయి లక్ష్మీరాణి మాఝీ 2015 ప్రపంచ పోటీల్లో వెండి గెలిచిన జట్టులో ఉంది, 2016లో రియోకి వెళ్ళింది. రాంచీ ఆటో డ్రైవరు కూతురు దీపికా కుమారి చిన్నప్పుడు రాళ్ళతో మామిడికాయలు కొట్టేదట. అది చదివి మా పిల్లలు ఎగిరి గంతేశారు. "అన్నా, మనం కూడా అదే పని చేస్తాం గదా!" అని. అవును, మనదీ అదే పని. కాకపోతే జార్ఖండ్‌లో ఆ రాయి పడిన చోటికి దగ్గరలో అకాడమీ ఉంది, విల్లు చేతికిచ్చే మనిషి ఉన్నాడు.

మా తండాలో ఒక కుర్రాడున్నాడు. మాకు బాబాయి కొడుకు వరస. పేరు రాయం. హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు అక్కడి పీఈటీ మాస్టారు వెదురు విల్లు చేతికిచ్చారు. దాన్ని ఇండియన్ రౌండ్ అంటారు. మన దేశంలోనే జరిగే పోటీ. ముప్ఫై మీటర్లు, యాభై మీటర్లు. చక్రాలుండవు, గురి చూసే పరికరముండదు, కన్నూ చెయ్యే. వీడు ఏడాదిలో హాస్టల్ అందరినీ దాటేశాడు. పోటీలకు వెళ్ళి సర్టిఫికెట్లు తెచ్చాడు. వాళ్ళ యాడి వాటిని ఇనప్పెట్టెలో పట్టుచీర కింద దాచిపెట్టింది.

తర్వాత ఒక సెలక్షన్‌కి మేమే తీసుకెళ్ళాం. అక్కడి ఆయన సర్టిఫికెట్లు చూశాడు, మెచ్చుకున్నాడు. "రికర్వ్ ఉందా, కాంపౌండ్ ఉందా?" అని అడిగాడు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఇండియన్ రౌండ్‌తో అంతర్జాతీయ పోటీలకి దారి లేదు బాబూ. సొంత విల్లు కొనుక్కుని రండి" అన్నాడు. మంచి విల్లు, బాణాలు, మిగతా సరంజామా కలిపితే లక్షల్లో మాట. మా ఇంటిల్లిపాదీ సీజనంతా కాపలా కాస్తే వచ్చేది ఆ విల్లుకి సగం కూడా రాదు. ఆయన అబద్ధం చెప్పలేదు, అవమానించనూ లేదు. ఉన్నమాటే చెప్పాడు. తిరుగు బస్సులో వాడు ఒక్క మాట మాట్లాడలేదు. విస్సన్నపేట సెంటర్లో దిగాక, "భియా, మార్కులు సరిపోలేదంటే ఇంకా వేసేవాణ్ణి" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ పొడుస్తుంది. ఓడిపోవడం వేరు, పోటీలోకే రాకపోవడం వేరు. మేము టీవీలో చూసి తిట్టుకునే సెలక్షన్ చివరి మెట్టు. పిల్లలు రాలిపోయేది మొదటి మెట్టు దగ్గర. ఆ రాలడం ఎవరికీ కనపడదు. పిందె రాలినట్టు. చెట్టుకింద చూసేవాడు కాపలావాడొక్కడే.

ఈ దేశంలో కోచ్‌కి ఇచ్చే పెద్ద అవార్డు పేరు ద్రోణాచార్య. గిరిజన పిల్లలు చదివే గురుకులాల పేరు ఏకలవ్య. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాకు బొటనవేలు గుర్తుకొస్తుంది. పేర్లు మార్చమని మేము కొట్లాడబోవడం లేదు. ఒకటే అడుగుతున్నాం. ఆ కథలో ఏకలవ్యుడు అడిగింది వేలు కాదు, పాఠం. మట్టిబొమ్మని పెట్టుకుని నేర్చుకోవలసి వచ్చిందంటే మనిషి దొరకలేదనేగా. 2020 నుంచి ఆర్చరీ సంఘానికి అధ్యక్షుడు అర్జున్ ముండా. గిరిజన నాయకుడు, కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రిగా చేసినవాడు. పైన మనవాడు ఉంటే చాలదని కూడా మేము నేర్చుకున్నాం. కింద, హాస్టల్ గ్రౌండులో ఒక విల్లు ఉండాలి.

ఇది చదివే మాస్టర్లకి మా విన్నపం చిన్నది. జిల్లా సెలక్షన్ల తేదీ వాట్సాప్‌లో వచ్చిన రోజే తండా పిల్లలకి చెప్పండి, ఆఖరి రోజు కాదు. వయసు సర్టిఫికెట్, కుల సర్టిఫికెట్ ముందే తీయించి ఉంచండి. తేదీ రోజు మీసేవ చుట్టూ తిరిగి పోటీ పోగొట్టుకున్నవాళ్ళు మాలో ఉన్నారు. ఇండియన్ రౌండ్‌లో బాగా వేసే పిల్లలుంటే ఇద్దరికి ఒక రికర్వ్ చొప్పునైనా సంస్థ తరఫున అడగండి. కాగితం మీద అడగండి. నోటిమాట నిలవదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు అభిమానులుగా గొడవపడండి, తప్పులేదు. జట్టులో ఎవరిని తీసుకున్నారో చూసి ఊరుకోకండి. మీ జిల్లా జట్టుకి ఎవరిని పిలిచారో, ఎవరిని పిలవలేదో కూడా అడగండి.

మా కుర్రాడు ఇప్పుడు సీజన్లో మామిడి కాటా దగ్గర కాయ గ్రేడింగ్ చేస్తాడు. చేతిలో పట్టుకుంటే చాలు, బరువు చెప్పేస్తాడు. మిగతా నెలల్లో దొరికిన కూలికి పోతాడు. పోయిన వేసవిలో తోటలో కాయ దించాక, ఖాళీ అట్టపెట్టెలు పేర్చి వాటి మీద ముగ్గుపిండితో వృత్తాలు గీశాడు. తండా పిల్లలు ఆరుగురు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు ఆడపిల్లలు. వెదురు విల్లు ఒక్కటే ఉంది. వంతులు వేసుకున్నారు. వీడు ఎవరి వెనకైతే నిలబడ్డాడో వాళ్ళ మోచెయ్యి మెల్లగా పైకెత్తి, "ఊపిరి బిగబట్టకు, వదిలెయ్" అంటున్నాడు.

మేము చెట్టుకింద కూర్చుని మార్కులు రాశాం. ఆ నోట్‌బుక్కు మా దగ్గరే ఉంది. తేదీలతో, పేర్లతో, ఎవరు ఎన్ని కొట్టారో అంకెలతో సహా ఉంది. సెలక్షన్‌కి ఎవరైనా వెతుక్కుంటూ వస్తే చూపిస్తాం. రాకపోతే ఈసారి మేమే పట్టుకెళ్తాం.