ఏ కాలానికి ఏ ఎర?



సువార్తల్లో గాలం వేసిన సంగతి ఒక్కచోటే కనిపిస్తుంది. మత్తయి 17వ అధ్యాయం చివర, దేవాలయపు పన్ను కట్టడం కోసం ప్రభువు పేతురును సముద్రానికి పంపి గాలం వేయమన్నాడు. మిగతా చోట్లంతా వలలే. ఆ గాలానికి పేతురు ఏ ఎర గుచ్చాడో మత్తయి రాయలేదు. మన తుంగభద్ర ఒడ్డున, కేసీ కాలువ గట్టున గాలం వేసేవాళ్లకు మాత్రం ముందుగా వచ్చే ప్రశ్న అదే. ఈ వారం ఆ ఎర గురించే ధ్యానిద్దాం.

సుంకేసుల దిగువన చిన్నప్పటి నుంచి గాలం వేస్తున్న పెద్దాయన ఒకరు మన సంఘంలో ఉన్నారు. ఆయన లెక్క కాలాన్ని బట్టి మారుతుంది.

ఎండాకాలంలో ఏరు మడుగులుగా విడిపోతుంది. నీళ్లు వేడెక్కి చేపలకు ఊపిరాడదు. కొరమీను మాత్రం పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి తుంగ, జమ్ము ఉన్న అంచుల్లో బతుకుతుంది. అది వేటాడే చేప. పిండి ముద్ద వేస్తే చూడను కూడా చూడదు. దానికి కదిలే ఎర కావాలి. చిన్న కప్పో, చిన్న చేపో గుచ్చి తెల్లవారుజామున గానీ, పొద్దు వాలాక గానీ వేయాలి.

వానాకాలంలో పైనుంచి ఎర్రనీళ్లు దిగుతాయి. ఆ బురదలో కంటిచూపు పెద్దగా పనిచేయదు. జెల్లల్లాంటి మీసాల చేపలు వాసనతో, రుచితో తిండి వెతుక్కుంటాయి. వానకు గట్ల మీది నుంచి వానపాములు నీళ్లలోకి కొట్టుకొస్తాయి కాబట్టి అప్పుడు వానపామే ఎర. అది అడుగుకు దిగేలా దారానికి సీసం కట్టాలి.

చలికాలంలో నీళ్లు తేటబడతాయి. బొచ్చె, శీలావతి మందకొడిగా ఉండి తక్కువ తింటాయి. అప్పుడు చిన్న కొక్కి, చిన్న ముద్ద చాలు. గోధుమపిండిలో కాస్త శనగచెక్క పొడి కలిపి, పొద్దెక్కి నీళ్లు వెచ్చబడ్డాక వేస్తారు.

ఇది మన ఏటి సంగతి ఒక్కటే కాదు. అమెరికాలో మిన్నెసోటా వైపు చల్లని సరస్సుల్లో వాలై అనే చేప ఉంటుంది. అక్కడివాళ్లు దానికి వసంతంలో చిన్న చేపలను, వేసవిలో జలగలను, వానపాములను ఎరగా వేస్తారు. చలికాలంలో గడ్డకట్టిన మంచుకు రంధ్రం చేసి మళ్లీ చిన్న చేపనే దించుతారు. దేశం ఏదైనా లెక్క ఒకటే. పెద్దాయన మాటలో చెప్పాలంటే, “అయ్యగారూ, ఎర మనకు నచ్చేది కాదు. చేప ఆకలి యాడుందో ముందు సూడల్ల.”

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో చేసింది ఇదే. యూదుల దగ్గర యూదుడిలా, బలహీనుల దగ్గర బలహీనుడిలా ఉన్నాడు. సువార్త మార్చలేదు, తాను వెళ్లే తీరు మార్చుకున్నాడు. చావు జరిగిన ఇంటికి వెళ్లి పండగనాటి ప్రసంగం చేస్తామా? అక్కడ ఊరికే పక్కన కూర్చోవడమే వాక్యం. బెంగళూరుకు పనికి పోయి ఏడాదికోసారి వచ్చే పిల్లవాడికి గంటసేపు గద్దింపు ఎక్కదు. “అన్నం తిన్నావా నాయనా” అన్న మాట ఎక్కుతుంది.

అయితే ప్రియులారా, పోలిక ఇక్కడితో ఆగాలి. ఎరలో కొక్కి దాగి ఉంటుంది. యాకోబు పత్రిక 1వ అధ్యాయం 14వ వచనంలో దురాశ మనిషిని ఎలా ఆశపెడుతుందో చెప్పడానికి వాడిన గ్రీకు మాట, ఎర అనే పదం నుంచే పుట్టింది. ఎర వేయడం శోధకుడి పని అన్నమాట.

పెద్దాయన అసలు వేయని గాలం ఒకటుంది. వానలు మొదలయ్యాక కొరమీను పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటి పైన తిరుగుతాయి. కింద పెద్ద చేపలు కాపలా ఉంటాయి. ఆ గుంపు దగ్గర ఏది కదిలినా వచ్చి కొరుకుతాయి. అప్పుడు గాలం వేస్తే చేప పడటం దాదాపు ఖాయం. ఆయన వేయడు. “అది ఆకలి కాదయ్యగారూ, కడుపుతీపి. దాని మీద గాలమెయ్యకూడదు” అంటాడు.

ఈ మాట మొన్న పెద్దల కూటమిలో నాకు గుర్తుకొచ్చింది. ఈ ఏడు వానలు సరిగా లేవు, వేరుశనగ పోయింది. క్రిస్మస్ కూటాలకు వచ్చినవాళ్లకు చివరి రోజున బియ్యం పంచుదామని యువకులు అన్నారు. వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ బిడ్డకు జ్వరమని వచ్చే తల్లి దగ్గర, పొయ్యి వెలగని ఇంటి దగ్గర మన చేతిలో ఏముందో జాగ్రత్తగా చూసుకోవాలి. అన్నమా, గాలమా?

ఈ ప్రశ్న మనకంటే ముందే ఒకాయన ఎదుర్కొన్నాడు. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి అల్లాడిపోయాయి. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి, కూడు చూపించాడు. సువార్త చెప్పాడు. కానీ కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం ఎవరూ రాకూడదని. ఆ పని అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసీ జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పట్టడం అన్నిటికంటే తేలికగా ఉన్న కాలంలో ఆయన గాలం పక్కన పెట్టాడు.

మన పెద్దలు, యువకులు కలిసి ఇలా నిర్ణయించారు. బియ్యం ఇస్తాం. కూటాలకు పది రోజుల ముందే ఇస్తాం. లేని ఇల్లు ఏదైతే ఆ ఇంటికి, గుడికి వచ్చినా రాకున్నా, ఏ దేవునికి మొక్కేవాళ్లైనా. ఫొటోలు ఉండవు. కూటాలకు రమ్మని ఆ గుమ్మంలో నిలబడి చెప్పం.

“అట్లయితే ఎవరొస్తారు అయ్యగారూ?” అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. తక్కువమంది రావచ్చు. కానీ లూకా 5వ అధ్యాయం 10వ వచనంలో ప్రభువు పేతురుతో మనుషులను పట్టే సంగతి చెప్పినప్పుడు, అక్కడి గ్రీకు మాటకు ప్రాణంతో పట్టడం అని అర్థం. ఎర మింగిన చేప చస్తుంది. ప్రభువు చేతిలో పడినవాడు బతకాలి.

ప్రార్థన: ప్రభువా, మా పొరుగువాని ఆకలి ఎక్కడుందో చూసే కన్ను మాకివ్వు. ఆ ఆకలి మీద గాలం వేయని చేతులివ్వు. మా ప్రేమలో ఏ కొక్కీ దాగకుండా కాపాడు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్.