చిప్ ముందు, టీకా తర్వాత

జర్మనీలో ఉద్యోగం వచ్చిందని మెయిల్ చూడగానే మా అక్క అడిగిన మొదటి మాట, "మరి బెల్లాన్ని ఎలా తీసుకెళ్లాలి?"

బెల్లం అంటే మా కుక్క. నాలుగేళ్ల కిందట కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ ముందు ఆగి ఉన్న ఆటో కింద వానకి తడిసి వణుకుతుంటే అక్క పైకి తెచ్చింది. రంగు చూసి ఆ పేరు పెట్టింది. జాతి ఏంటని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్దగా ఏం లేదు, మన వీధి కుక్కే.

"కాగితాల పని నేను చూసుకుంటా, నువ్వు వీసా చూసుకో" అన్నా. సీఎస్ఈ చదువుతున్నా కదా, ఒక లిస్టు మెయింటెయిన్ చేయలేనా అని ధీమా. అక్టోబర్ 1న అక్క ఉద్యోగంలో చేరాలి. సెప్టెంబర్ 24కి టికెట్లు. ఏప్రిల్‌లోనే గూగుల్ షీట్ తయారుచేశా. మైక్రోచిప్, రేబిస్ టీకా, రక్తపరీక్ష, హెల్త్ సర్టిఫికెట్, విమానంలో పెట్టే బోను. ఒక్కోదాని పక్కన ఒక చెక్‌బాక్స్. టిక్ పెడితే ఆ వరుస ఆకుపచ్చగా మారుతుంది. టీకా ఫిబ్రవరిలోనే వేయించాం కాబట్టి దానికి వెంటనే టిక్ పెట్టేశా. మే 10న చిప్ వేయించా. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ దగ్గర చర్మం కింద పెడతారు. అందులో 15 అంకెల నంబర్ ఉంటుంది. ఇంకో వరుస ఆకుపచ్చ. నా సెమిస్టర్ పరీక్షలయ్యాక జూన్ 12న రక్తం తీయించడానికి తీసుకెళ్లా.

డాక్టర్ గారు టీకా కార్డునీ చిప్ కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశారు. "ఈ టీకా లెక్కలోకి రాదు బాబూ" అన్నారు.

"ఎందుకు సార్? ఇంకా ఏడాది కాలేదుగా."

"ఫిబ్రవరిలో టీకా వేసింది ఈ కుక్కకే అని యూరోప్ వాళ్లకి ఎలా చూపిస్తావ్? అప్పటికి దీనికి నంబర్ లేదు. చిప్ ముందు ఉండాలి, లేకపోతే కనీసం అదే రోజు వేసి ఉండాలి."

నాకు నోట మాట రాలేదు. నా షీట్‌లో 'అయింది' అని ఉంది కానీ 'ఎప్పుడు' అని లేదు. డేటా స్ట్రక్చర్స్‌లో ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరుస కట్టే ప్రాబ్లమ్ ఉంటుంది. దానికి నాకు ఇంటర్నల్స్‌లో ఫుల్ మార్కులు. ఇంట్లో మాత్రం సున్నా.

ఆ రోజే మళ్లీ టీకా వేశారు. దాని తర్వాత 30 రోజులు ఆగితేనే రక్తం తీయాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు దాటితేనే కుక్క యూరోప్‌లో అడుగుపెట్టాలి. జులై 15న రక్తం ఇస్తే అక్టోబర్ 15. అక్క టికెట్ సెప్టెంబర్ 24. మూడు వారాల తేడా.

"తర్వాత నేను తీసుకొస్తాలే" అన్నా. అదీ కుదరదు. పెంపుడు జంతువుగా వెళ్లాలంటే యజమాని ప్రయాణానికి ఐదు రోజులు అటూ ఇటూలోపే అదీ వెళ్లాలి. లేకపోతే వ్యాపారానికి పంపే జంతువుల లెక్కలో పడుతుంది, ఆ కాగితాలు వేరు. అంటే అక్కే మళ్లీ రావాలి. కొత్త ఉద్యోగంలో క్రిస్మస్ దాకా సెలవు దొరకదు. అక్క నన్ను ఏమీ అనలేదు. "సరే" అంది. ఆ రాత్రి బెల్లాన్ని తన గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకుంది.

నాకు కోపం వచ్చింది, నా మీద తక్కువ, ఆ రూల్స్ మీద ఎక్కువ. మంచిగా తిని తిరుగుతున్న కుక్కకి ఇన్ని తేదీలెందుకు అని రోజూ గొణుగుతూనే ఉన్నా.

జులై చివర్లో నాన్నమ్మ ఊరి నుంచి వచ్చింది. నాన్నమ్మకి కుక్క అంటే పడదు. "ఇంట్లోకి కుక్కేంట్రా" అంటూ బెల్లాన్ని బాల్కనీ దాటనిచ్చేది కాదు. నాకది చాదస్తం అనిపించేది. ఒకరోజు నా గొణుగుడు విని, "ఆ రక్తంలో ఏం చూస్తార్రా?" అని అడిగింది. పిచ్చికుక్క జబ్బు రాకుండా వేసిన టీకా పనిచేసిందో లేదో చూస్తారని చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాళ్ల తమ్ముడి సంగతి చెప్పింది.

ఎనిమిదేళ్ల పిల్లాడు. బడికి వెళ్తుంటే దారిలో కుక్క కరిచింది. ఇంట్లో పసరు కట్టారు. పుండు మానిపోయింది, అందరూ మర్చిపోయారు. రెండు నెలల తర్వాత జ్వరం. మంచినీళ్ల గ్లాసు నోటి దగ్గరికి తెస్తే గొంతు పట్టేసి, భయంతో గిలగిల్లాడాడట. నాలుగు రోజుల్లో పోయాడు. "పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేస్తారని తర్వాత ఎవరో చెప్పారు. అప్పుడు తెలిసి ఏం లాభం?" అంది.

ఆ రాత్రి నేను రూల్స్ మళ్లీ చదివా, ఈసారి టిక్కుల కోసం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. జబ్బు ఒంట్లో ఉన్నా వారాలు, నెలలు పైకి కనపడదు. టీకాకి శరీరం స్పందించడానికి సమయం కావాలి, అందుకే ఆ 30 రోజులు. రక్తంలో రక్షణ కనపడినా అది టీకా వల్ల వచ్చిందా, అప్పటికే జబ్బు సోకడం వల్ల వచ్చిందా అన్న అనుమానం ఉంటుంది. సోకి ఉంటే ఆ మూడు నెలల్లో బయటపడుతుందని ఆగమంటారు. జర్మనీ వాళ్లు టీకా మందు పెట్టిన ఎరలు ఏళ్ల తరబడి అడవుల్లో చల్లి, నక్కల్లో ఈ జబ్బుని లేకుండా చేసి, 2008లో విముక్తి పొందామని ప్రకటించుకున్నారు. వాళ్లు మా బెల్లాన్ని చూడలేదు. వాళ్లకి తెలిసేదల్లా ఆ నంబర్, ఆ తేదీలు. ఫిబ్రవరి టీకా బెల్లానికే వేశారని నా మాట మీద ఎందుకు నమ్మాలి?

ఆగస్టులో రిజల్ట్ వచ్చింది. మిల్లీలీటరుకి 0.5 యూనిట్లు ఉంటే చాలు. బెల్లానికి 4.1 ఉంది.

"నూటికెంత?" అంది నాన్నమ్మ.

"నూటికి కాదు నాన్నమ్మా. అర ఉంటే పాస్. దీనికి నాలుగు దాటింది."

"అయితే పాసైందన్నమాట." కాగితం తీసుకుని, ఇంగ్లీష్ రాకపోయినా రెండుసార్లు చూసింది. మర్నాడు బాల్కనీ తలుపు తీసే ఉంది. వారం తిరక్కుండా పెరుగన్నం పెట్టడం మొదలైంది.

సెప్టెంబర్ 24న అక్క వెళ్లిపోయింది. బెల్లం మూడు రోజులు లిఫ్ట్ వైపు చూస్తూ గుమ్మంలోనే పడుకుంది. నేను పెడితే తినలేదు. నాన్నమ్మ కింద కూర్చుని ముద్దలు చేసి పెడితే తింది. దసరాకి ఊరెళ్లాల్సిన మనిషి, "అక్క వచ్చేదాకా ఉంటాలే" అని ఆగిపోయింది.

డిసెంబర్‌లో అక్క వచ్చింది. జంతువుల్ని విదేశాలకి పంపేటప్పుడు సర్టిఫికెట్ ఇచ్చేది యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీసెస్ అనే కేంద్ర ప్రభుత్వ విభాగం. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరుతో పాటు మన హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉంది. సర్టిఫికెట్ ఇచ్చాక 10 రోజుల్లోపే కుక్క అక్కడికి చేరాలి కాబట్టి మరీ ముందుగా తీసుకోవడానికీ లేదు. 28న ప్రయాణం, 23న వెళ్లాం. అక్కడి డాక్టర్ గారు బెల్లాన్ని పరీక్షించి, స్కానర్ మెడ దగ్గర పెట్టారు. బీప్ అంది. ఆయన 15 అంకెలు చదువుతుంటే నేను టీకా కార్డు, చిప్ కాగితం, ల్యాబ్ రిపోర్ట్ మూడింట్లోనూ వేలు పెట్టి సరిచూసుకున్నా. చేయి కొంచెం వణికింది. అన్నీ ఒకటే. జర్మన్‌లోనూ ఇంగ్లీష్‌లోనూ ఉన్న ఆ ఫారం మీద సంతకం, ముద్ర పడ్డాయి.

మీలో ఎవరికైనా ఈ అవసరం వస్తే నా షీట్ ఇస్తా. ఇప్పుడు అందులో చెక్‌బాక్స్‌లు లేవు, తేదీలే ఉన్నాయి. చిప్ తేదీ కన్నా టీకా తేదీ ముందుంటే ఎర్రగా మారుతుంది. మీ దేశానికి రూల్ వేరుగా ఉండొచ్చు, అది మాత్రం ముందే చూసుకోండి.

28న బోను సర్దుతుంటే నాన్నమ్మ తన పాత నేత చీర ఒకటి మడిచి అడుగున పరిచింది. "కడిగిందే, తీసేయమంటారేమో కనుక్కో" అంది. ఎవరూ తీసేయమనలేదు.