అయిదు వరుసలు పురుగుకి

ఈ సెమిస్టర్ ఓపెన్ ఎలెక్టివ్‌గా నేను ‘ఇంట్రడక్షన్ టు బయో ఇంజనీరింగ్’ తీసుకున్నాను. సీఎస్ఈ నుంచి మేం కొద్దిమందిమే. ‘కప్పల్ని కోయిస్తారా?’ అని మా రూమ్మేట్ అడిగింది. కోయించరు. మొదటి నెలంతా డిజైన్ ప్రాసెస్ చెప్పారు. సమస్య ఏంటో రాయి, అది ఎవరి సమస్యో రాయి, ఖర్చు, టైము, చట్టం లాంటి హద్దులు రాయి, నాలుగైదు ఐడియాలు ఆలోచించు, ఒకటి తయారుచేయి, టెస్ట్ చేయి, ఫెయిలైతే మళ్ళీ మొదటికి రా. కోడింగ్‌లో మనకి అలవాటైన లూపే. కాకపోతే ఈ లూపు లోపల ప్రాణమున్నది ఏదో ఒకటి ఉంటుంది. మనం డిజైన్ చేసేలోపు అదీ మారిపోతూ ఉంటుంది.

బయో ఇంజనీరింగ్ అనగానే క్లాసులో అందరం కృత్రిమ కాలు, పేస్‌మేకర్ అన్నాం. కేస్ స్టడీ మాత్రం మన జిల్లాల నుంచే తెమ్మన్నారు సార్. నేను బీటీ పత్తి తీసుకున్నాను. దానికి కారణం ఇంట్లోనే ఉంది. పర్చూరు దగ్గర మా తాతయ్యకి మూడెకరాల నల్లరేగడి ఉంది. వచ్చే జూన్‌లో అందులో మళ్ళీ పత్తి పెట్టాలా, కౌలుకిచ్చేసి హైదరాబాద్ వచ్చెయ్యాలా అని సంక్రాంతి నుంచి గొడవ నడుస్తోంది. నాన్నది కౌలు పార్టీ, తాతయ్యది పత్తి పార్టీ. నన్ను ఏ పార్టీవాళ్ళూ అడగలేదు.

ముందు పాత కథ. 1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి అంటే డబ్బు. కాయతొలిచే పురుగుల మీద సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు తెగ కొట్టారు. ఆ మందులకి తెల్లదోమని తినే మిత్ర పురుగులు కూడా పోయాయి. దాంతో తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో ప్రకాశం జిల్లాలో అప్పులపాలైన పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ సంవత్సరం గురించి అడిగితే తాతయ్య ‘అదొద్దులే అమ్మాయ్’ అని టీవీ సౌండు పెంచుతాడు.

ఇప్పుడు బీటీ. బాసిల్లస్ తురింజియెన్సిస్ అని మట్టిలో ఉండే ఒక బాక్టీరియా. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రవేత్త జబ్బుపడిన పట్టుపురుగుల్లో దీన్ని కనిపెట్టాడు. ఇది తయారుచేసే ప్రోటీన్ గొంగళిపురుగు పేగులోని క్షారంలో కరిగి, పేగు గోడ మీదున్న రిసెప్టర్లకి అతుక్కుని బొక్కలు పెడుతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, పైగా మన పేగులకి ఆ రిసెప్టర్లు లేవు. ఆ జన్యువుని పత్తిలో పెట్టారు. అంటే మందు కొట్టే పని మొక్కకే అప్పజెప్పారన్నమాట. 2002 మార్చిలో మూడు హైబ్రిడ్లకి కేంద్రం అనుమతిచ్చింది. 2005లో ఆ మూడింటికీ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. 2006లో రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 వచ్చింది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టి 450 గ్రాముల ప్యాకెట్ ధరని 750 రూపాయలకి దింపింది. వెర్షన్ 1, రిజెక్ట్, వెర్షన్ 2, ప్రైస్ కట్. చదువుతుంటే ఏదో యాప్ చరిత్రలా ఉంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ప్యాకెట్లో ఉన్న ఇంకో చిన్న ప్యాకెట్. అందులో 120 గ్రాముల మామూలు పత్తి విత్తనాలు ఉండేవి. వాటిని చేను చుట్టూ 5 వరుసలు గానీ, మొత్తంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత వెయ్యాలి. బీటీని తట్టుకున్న పురుగులు ఒకటీ అరా మిగిలితే, అవి వాటిలో అవే జతకట్టకుండా, ఈ మామూలు పత్తి మీద పెరిగిన పురుగులతో కలవాలి. అప్పుడు వాటి పిల్లలు బీటీకి చచ్చిపోతాయి. పురుగుని గెలవాలంటే కొంచెం పురుగుని పెంచాలి! కాగితం మీద ఎంత అందమైన డిజైన్.

ఫోన్ చేసి తాతయ్యని అడిగాను, ఆ చిన్న ప్యాకెట్ ఏం చేసేవాడివని.

‘మొలక రానిచోట బోదెల్లో పెట్టేవాణ్ణి. లేపోతే పారేసేవాణ్ణి. ఏం?’

ఎందుకు వెయ్యాలో మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

‘మూడెకరాల్లో ఇరవై శాతమంటే అరవై సెంట్లు. అరవై సెంట్లు పురుక్కి రాసిచ్చే రైతుని ఒక్కణ్ణి చూపించమ్మాయ్. పోనీ నేనేస్తా. పక్కచేనోడు వెయ్యడుగా. నా అరవై సెంట్లతో ఆడి చేను బాగుపడిద్ది, కౌలు మాత్రం నేను కట్టాల.’

ఆయన చేసేది సొంత పొలమే, కానీ కౌలు రైతుల లెక్క కూడా ఆయనకి నోటికొచ్చు. నాకైతే ఇది గేమ్ థియరీ క్లాసులా అనిపించింది.

శనగపచ్చ పురుగు కంది మీదా, శనగ మీదా, మిర్చి మీదా కూడా బతుకుతుంది కాబట్టి దానికి ఆ వరుసలు లేకపోయినా బీటీ లేని తిండి దొరుకుతుంది. గులాబీరంగు పురుగు అలా కాదు, దానికి దాదాపు పత్తే లోకం. అందుకే అది ముందు బోల్‌గార్డ్-1ని, తర్వాత బోల్‌గార్డ్-2ని కూడా తట్టుకోవడం నేర్చుకుంది. కాయ లోపల ఉంటుంది కాబట్టి పై నుంచి మందు కొట్టినా తగలదు. తర్వాత డిజైన్ మార్చారు. 475 గ్రాముల ప్యాకెట్లోనే 5 నుంచి 10 శాతం మామూలు విత్తనాలు కలిపేసి ఇస్తున్నారు. రైతు విడిగా వెయ్యాల్సిన పనిలేదు. మంచి మార్పే, కానీ పురుగు అప్పటికే నేర్చేసుకుంది.

టెంప్లేట్‌లో రెండో గడి ‘యూజర్ ఎవరు?’ అని ఉంటుంది. చాలామంది అక్కడ ‘రైతులు’ అని ఒక్క మాట రాసి ముందుకెళ్తారు. నేను ‘మూడెకరాలు, పక్కచేను వాడి మీద అదుపు లేదు, తప్పితే నష్టం పూర్తిగా తనదే’ అని రాశాను. చిన్న ప్యాకెట్ కథంతా ఆ ఒక్క లైనులోనే ఉందని నాకనిపించింది.

ఇంకొకటి కూడా అనిపించింది. మనం రాత్రి పదకొండింటికి ఒక బగ్ సరిచేసి, పన్నెండులోపు పది సార్లు రన్ చేస్తాం. పొలంలో ఏడాదికి ఒక్క రన్. తాతయ్య ఇరవయ్యేళ్ళకి వ్యవసాయంలో దిగాడు, ఇప్పుడు అరవై ఎనిమిది. మొత్తం జీవితంలో నలభై ఎనిమిది టెస్టులు, ప్రతిదానికీ పెట్టుబడి ఆయనదే. ‘ఫెయిల్ ఫాస్ట్’ అని మన హ్యాకథాన్ల బ్యానర్ల మీద రాస్తాం కదా, ఆ మాట పర్చూరులో చెప్పాలంటే నాకు నోరు రాదు.

రిపోర్ట్‌లో నా సూచన చాలా చిన్నది, అందులో కొత్త కనిపెట్టుడు ఏమీ లేదు. పత్తిని మార్చి, ఏప్రిల్ దాకా ఉంచితే గులాబీ పురుగుకి ఏడాదంతా తిండి దొరుకుతుంది. డిసెంబరు ఆఖరుకి పైరు తీసేసి, మోళ్ళు కూడా లేకుండా చేస్తే దాని గొలుసు తెగుతుంది. లింగాకర్షక బుట్టలు పెట్టి, బుట్టకి రోజుకి 8 రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితేనే మందు కొట్టాలి. ఇవన్నీ వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేవే. ఊరంతా ఒకేసారి ఎలా చేయించాలి అన్నదే అసలు డిజైన్ సమస్య. దాని కింద నేను ‘ఓపెన్’ అని రాసి వదిలేశాను.

ఇంట్లో గొడవ కూడా సగం తేలింది. ఎకరంన్నర కౌలుకి, ఎకరంన్నర పత్తికి. చివరి తీత మీద ఆశ పెట్టుకోకుండా పీకెయ్యాలని తాతయ్యకి చెప్పాను. జనవరిలో నాలుగు కాయలు కనబడితే పీకబుద్ధి కాదంటాడు.

‘డిసెంబరు ముప్పై ఒకటి దాటిందంటే నువ్వే వచ్చి పీకించు’ అన్నాడు.

ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నాను. అప్పుడు నాకు సెమిస్టర్ పరీక్షలు ఉంటాయేమో, చూడాలి.