తపసి బంక: గాటు లోతును కొలిచేదెవరు?

కలవని రెండు ద్రవాలను, ముఖ్యంగా నూనెను నీటిని, విడిపోనీయకుండా పట్టి ఉంచే పదార్థాన్ని ఆహారశాస్త్రంలో ఎమల్సిఫయర్ అంటారు. కోడిగుడ్డు పచ్చసొనలోను, సోయా నూనెను శుద్ధి చేసేటప్పుడు అడుగున విడివడే జిగురులోను ఉండే లెసిథిన్ వీటిలో ఎక్కువమందికి తెలిసినది; దాని అణువులో ఒక కొస నూనెను, రెండవ కొస నీటిని ఆశ్రయిస్తాయి కనుక అది రెండింటి సరిహద్దున నిలిచి పనిచేస్తుంది. చెట్ల బంకలలో అనేకం ఇంకో దారిన అదే ఫలితాన్ని సాధిస్తాయి: అవి నీటిని చిక్కబరచి, అందులో చెదిరిన నూనె బిందువులు పైకి తేలి ఒకటిగా కలిసిపోకుండా అడ్డుపడతాయి. నల్లమలలోను, తూర్పు కనుమల ఇతర భాగాలలోను దొరికే తపసి బంక ప్రధానంగా ఈ రెండవ కోవకు చెందినది. అంతర్జాతీయ ఆహార సంకలితాల పట్టికలో 416 అనే సంఖ్యతో నమోదైన ఈ బంకను పుల్ల ఐసులలో మంచు పలుకులు పెరగకుండా, చీజ్ ముద్దలలో నీరు ఊరకుండా, సలాడ్లపై పోసే పులుసులు విరగకుండా వాడతారు. జుట్టును ఒద్దికగా నిలిపే లేపనాలలోను, ఒంటికి రాసే క్రీములలోను, కట్టుడు పళ్లను చిగుళ్లకు అంటించే పొడిలోను కూడా ఇది ఉంటుంది. అయితే ఈ సరుకుల పొట్లాల మీద చెట్టు పేరు కనబడడం అరుదు, సంఖ్య మాత్రమే కనబడుతుంది.

ఒక మాసపత్రిక సంపాదకుని కోరికపై అమ్రాబాద్ పీఠభూమిలోని ఒక చెంచు పెంటకు, అంటే చెంచు గిరిజనుల గూడేనికి, జరిగిన సందర్శన ఉద్దేశం ఈ బంక చెట్టు నుంచి గిడ్డంగికి, గిడ్డంగి నుంచి ఎగుమతిదారుకు చేరే దశలను వరుసగా నమోదు చేయడమే. కాని ఆ వరుస మొదటి దశలోనే తెగిపోయింది. ఒక వృద్ధ సేకర్త చేతిపనిని చూసిన తరువాత తక్కిన దశలలో చూడదగినది అంతగా లేదని తేలింది.

తపసి రాతినేలల చెట్టు. మట్టి పలుచగా ఉండే కొండవాలులో, బండల సందులలో వేళ్లు దించి పెరిగే ఈ చెట్టు ఎండాకాలంలో ఆకంతా రాల్చి, కాగితంలా పొరలుపొరలుగా లేచే తెల్లని బెరడుతో దూరానికే గుర్తు తెలుస్తుంది. దాని కాయలపై ఉండే సన్నని నూగు ఒంటికి తగిలితే దురద పుడుతుంది కాబట్టి, గింజలను వేయించి తినే గిరిజనులు ముందుగా ఆ నూగును వదిలించుకుంటారు. బంక ఎక్కువగా వచ్చేదీ, మేలైనది వచ్చేదీ వానలకు ముందు ముదురు ఎండలలోనే; వానలు వెనుకబట్టిన తరువాత మరొక విడత తీస్తారు గాని, ఆ బంకకు మొదటిదాని చిక్కదనం ఉండదు.

ఆ వృద్ధుని చేతిలో గొడ్డలి లేదు. పిడికిలిలో ఇమిడే కర్ర పిడికి అమర్చిన, అంచు వంపు తిరిగిన ఒక చిన్న కత్తి ఉంది. మానుకు ఎడమ అరచేతిని ఆనించి, పాత గాటు ఎక్కడ ముగిసిందో వేళ్లతో తడిమి చూసుకొని, దాని పై అంచు నుంచి మాత్రమే సన్నని బెరడు పట్టీని ఆయన లేపాడు. కత్తి మొదట తెల్లని పైపొరను, తరువాత ఎర్రని లోపలి బెరడును కోసింది. ఆ ఎరుపు పలచబడి చెక్క రంగు కనబడబోయే చోట చెయ్యి దానంతట అదే ఆగిపోయింది. బెరడుకూ చెక్కకూ నడుమ కొత్త కణాలను పుట్టించే ఒక పలుచని పొర ఉంటుంది. వృక్షశాస్త్రజ్ఞులు కేంబియం అని పిలిచే ఈ పొర దెబ్బతినకపోతే గాయం కొద్దికాలంలో పూడుకొంటుంది, తెగిపోతే ఆ మేర చెట్టు మళ్లీ బెరడు కట్టలేక, చెక్కకు పురుగూ బూజూ పట్టి, క్రమంగా ఎండిపోతుంది. ఈ శాస్త్రమంతా ఆ వృద్ధుడు ఒక్క వాక్యంలో చెప్పాడు: "చెక్క తగిలిందంటే ఆ చెట్టు మళ్ల నిలువది సారూ." గాటు పెట్టిన కాసేపటికే పై అంచున చెమట పట్టినట్టు తేమ కనిపించి, అది ముత్యాలుగా గట్టిపడడం మొదలైంది. మొదటి దినమంతా ఊరేదే ఎక్కువ అనీ, ఆపై కొన్ని రోజులు పలుచగా సాగుతుందనీ ఆయన వివరించాడు.

బంక నేలరాలితే మట్టి, ఆకు, బూడిద అంటుకొని దాని తరగతి పడిపోతుంది కాబట్టి గాటు కింద ఒక ప్లాస్టిక్ పట్టాను దారంతో బిగించారు. పెంటలో ఆయన భార్య చేటలో పోసిన పలుకులను ఒక్కొక్కటిగా ఎండకు ఎత్తి చూస్తూ, అంటిన బెరడు ముక్కలను చాకు మొనతో గీకుతూ, తెల్లవి ఒక కుప్పగా, తేనెరంగువి మరొక కుప్పగా, నల్లబడినవి వేరుగా వేరు చేస్తున్నది. చేట పక్కనున్న గ్లాసులో రాత్రి వేసిన ఒక చిన్న పలుకు తెల్లవారేసరికి గ్లాసంతా నిండిన ముద్ద అయింది. తపసి బంక పంచదారలా కరగదు, నీటిని పీల్చుకొని తన పరిమాణానికి 60 రెట్లకు పైగా ఉబ్బుతుంది, ఆ ఉబ్బే గుణానికే పరిశ్రమ డబ్బు చెల్లిస్తున్నది. సంచి మూతి విప్పగానే ముక్కుకు తగిలే పుల్లని వాసన, బంకలో సుమారు 8 శాతం ఉండే అసిటైల్ భాగాల నుంచి వెనిగర్‌లోని ఆమ్లమే మెల్లగా వెలువడడం వల్ల పుడుతుంది. నిలవ పెరిగేకొద్దీ, ఉక్క తగిలేకొద్దీ ఈ వాసన ఎక్కువై చిక్కదనం తగ్గుతుంది, పొడి చేసిన బంకలో ఈ నష్టం మరీ వేగంగా జరుగుతుంది. అడవిలో ఇంత జాగ్రత్తగా తీసిన సరుకు గిడ్డంగిలో రేకుల కప్పు కింద నెలల తరబడి మూలుగుతుందంటే, ఆ చేతిపనిలో కొంత అక్కడే ఆవిరైపోతున్నదని అర్థం.

అంతకుముందు సేకర్త చెట్టు వద్ద నుంచి దిగువకు వస్తుండగా, సంచి మోస్తున్న అల్లుని సణుగుడు స్పష్టంగానే వినిపించింది: "మామా, నువ్వు గిట్ల గీక్కుంట కూసుంటే సంచి నిండేదెప్పుడు? అవతలోళ్లు గొడ్డలితోని కొట్టి రెండింతలు పట్కపోతున్రు. మనం ఇడిసిపెట్టిన చెట్టునే రేపు వాళ్లు కొడతరు." మామ జవాబు పొడిగా ఉంది: "కొట్టనీ. చెట్టు ఎండినంక వాళ్లు యాడికి పోతరు, మనం యాడికి పోతం?" అల్లుడు మరి మాట్లాడలేదు గాని, ఒప్పుకొన్నట్టు కూడా కనిపించలేదు. నిజానికి అతని లెక్క తప్పు కాదు. లోతుగా నరికిన చెట్టు ఆ ఏడాది ఎక్కువ బంకనే ఇస్తుంది. ఓర్పుతో గాటు పెట్టినవాని సంచి తేలికగానే ఉంటుంది. సంతలో ప్రైవేటు వ్యాపారి తూకం వేసేది సంచినే.

అడవి ఫలసాయాన్ని వ్యాపారుల చేతి నుంచి తప్పించడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1979 నాటి నిబంధన షెడ్యూల్డ్ ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని క్రమబద్ధం చేసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులపై సేకర్తలకు యాజమాన్య హక్కునే ఇచ్చింది. 2013లో కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర పథకంలో తపసి బంక కూడా చేరింది. గొడ్డలికి బదులు కత్తి, నేలకు బదులు పట్టా, లోతైన నరుకుడుకు బదులు పైపై గాటు అనే శిక్షణ కూడా ఈ దశాబ్దాలలోనే తెలుగు నేలమీది గూడేలకు చేరింది. ఆ వృద్ధుని చేతిలోని కత్తి అటువంటి శిక్షణలో ఇచ్చినదే. ఇదంతా తక్కువ పని కాదు. కాని ధర నిర్ణయించే చోట ఇప్పటికీ చూసేవి రెండే: రంగు, మలినం. పలుకు ఎంత తెల్లగా ఉంది, అందులో బెరడు ఎంత ఉంది అన్నవి గిడ్డంగిలో బల్ల మీద తేలుతాయి. అది ఎంత లోతు గాటు నుంచి వచ్చిందో, ఆ చెట్టుకు గత ఏడాది విశ్రాంతి దొరికిందో లేదో పలుకును చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కొండగోగు బంక వంటి వేరే చెట్టు బంకను ఇందులో కలిపితే కనిపెట్టడానికి మన విశ్వవిద్యాలయాల పరిశోధకులు రెండింటి రసాయన భేదాలను విడదీసి చూపారు. సరుకు శుద్ధిపై ఇంత శ్రద్ధ ఉన్న వ్యవస్థకు చెట్టు ఆయువుపై ఉన్న శ్రద్ధ చాలా తక్కువ. మధ్యప్రదేశ్‌లో విచ్చలవిడి నరుకుడుకు చెట్లు అంతరించిపోతుంటే చివరకు గాటు పెట్టడాన్నే నిషేధించవలసి వచ్చింది. ఆ నిషేధం గొడ్డలి పట్టినవానితో పాటు కత్తి పట్టినవాని కూడుకూ ఎసరు పెట్టింది.

నిషేధంకంటే మేలైన మార్గం చట్టంలోనే ఉంది. 2006 చట్టం అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది కనుక, ఏ వాలులోని తపసి చెట్లను ఏ కుటుంబం చూసుకోవాలో, ఏ చెట్టును ఏ ఏడాది ముట్టకూడదో పెంటవారే నిర్ణయించుకొని రాసుకోగలరు. అప్పుడు అల్లుని భయానికి ఆధారం ఉండదు. కొనుగోలుదారులు చేయవలసినది, సంచి తూకంతో పాటు ఏడాదికి ఒకసారి చెట్ల వద్దకు వెళ్లి గాట్లను చూసి, చెక్కను తాకని గాట్లకు కిలోకు ఇంత అని అదనపు ధర కట్టడం. అటువంటి ధర ఆ పెంటలో ఇప్పటివరకు ఎవరూ ఇవ్వలేదు.