ఇండియానా జట్టునకు రాబోవు ఆటకాలము

అమెరికాదేశమున స్త్రీలు వృత్తిగా బాస్కెట్‌బాల్ ఆడు సంఘమొకటి కలదు. అది 1996లో ఏర్పడి 1997 నుండి ఆటలు జరుపుచున్నది. పేరు డబ్ల్యు. ఎన్. బి. ఎ. అందలి జట్లలో ఇండియానా రాష్ట్రపు జట్టును ‘ఫీవరు’ అని పిలుతురు. ఈ మాట మొదటిసారి చెవిని బడినప్పుడు మా యత్తగారు ‘ఎవరికమ్మా జ్వరము?’ అని కంగారుపడిరి. జ్వరమన్న మాట నిజమే. ఈ యాట యెడల ఆ రాష్ట్రమువారికి గల వ్యామోహము అట్టిది. అచ్చటి పల్లెలయందు ధాన్యపుకొట్టు గోడకు సైతము ఇనుప వలయము బిగించి పిల్లలు బంతి వేయుచుందురట.

మేము ఈ యాటలు చూచుట తెల్లవారుజామున. అక్కడ రాత్రి యేడు గంటలకు మొదలగు ఆట వేసవిలో మనకు మరునాటి యుదయము నాలుగున్నరకు వచ్చును. ప్రక్కకు ఐదుగురు, నాలుగు పాదములు, పాదమునకు 10 నిమిషములు. పొయ్యిమీద పప్పు ఉడుకులోపల ఒక పాదము కానవచ్చును. ఇంతకంటె ఈ యాటను గూర్చి ముందుగా తెలియవలసినదేమియు లేదు.

2025 ఆటకాలము ముగిసిన పిమ్మట ఈ జట్టును గూర్చి ఎవరి నోట విన్నను ఒక్కటే మాట: కెయిట్లిన్ క్లార్కు స్వస్థురాలై తిరిగివచ్చిన చాలును, ఇక కిరీటము వారిదే యని. ఈ మాట మాకు రుచింపలేదు. ఆమె ప్రతిభను శంకించి చెప్పుట కాదు. ఆమె లేని దినములలో ఆ జట్టును మోసినవారిని లెక్కలోనుండి తీసివేసిన మాట యిది యని మా యభిప్రాయము.

కొంచెము పూర్వకథ చెప్పవలెను. ఈ జట్టు 2000 సంవత్సరమున ఆడనారంభించెను. టమికా క్యాచింగ్సు అను ప్రఖ్యాత క్రీడాకారిణి దినములలో, 2012లో, మినెసోటా జట్టును జయించి సంఘమున ప్రథమస్థానము గాంచెను. క్యాచింగ్సు 2016లో విరమించిన తరువాత పాడుకాలము దాపురించినది. 2017 మొదలు 2023 వరకు ఏడు సంవత్సరములు తుదిపోటీల గడప త్రొక్కలేదు. 2022లో 36 ఆటలాడి ఐదు మాత్రమే గెలిచిరి. అయితే ఆ సంఘమున ఒక చక్కని యాచారము కలదు. కళాశాలలనుండి క్రొత్తగా వచ్చు బాలికలను ఎంచుకొనునప్పుడు, ఓడినవారి పేర్లు చీట్లలో వేసి, వారికే ముందు కోరుకొను అవకాశము నిత్తురు. పంక్తిలో ఆకలిగొన్నవారికి ముందు వడ్డించినట్లు. అట్లు 2023లో ఆలియా బోస్టను, 2024లో క్లార్కు, వరుసగా ఇద్దరు ప్రథమురాండ్రు ఈ జట్టునకే లభించిరి.

క్లార్కు ఆట చూడవలసినదే కాని చెప్పిన తెలియునది కాదు. వలయమునకు చాల దూరమున నిలిచి బంతి వేయుట ఒక యెత్తు. తోడివారెటు పరుగెత్తబోవుదురో వారికంటె ముందుగా తెలిసికొని బంతి నందించుట మరియొక యెత్తు. 2024లో ఇట్లు 337 సారులు తోడివారిచే బంతి వేయించి సంఘమున నొక సంవత్సరమున అప్పటివరకు ఎవరును చేయనిది చేసెను. అదే సంవత్సరమున బంతిని ఎదుటివారికి పోగొట్టుటలో కూడ ఆమెయే మొదటిది, 223 సారులు. రెండును ఒక చేతి పనులే. వడ్డించు చేతినుండియే గదా మెతుకులు రాలును! ఆమె రాకతో జట్టు 20 ఆటలు గెలిచి, 20 ఓడి, ఏడేండ్ల తరువాత తుదిపోటీలలో అడుగిడెను. అచ్చట కనెక్టికట్ జట్టు రెండాటలలోనే ఇంటికి పంపివైచినది.

2025 వచ్చెను. ఆ రాష్ట్రముననే పెరిగి, పూర్వము ఆ జట్టులోనే ఆడిన స్టెఫనీ వైటు శిక్షకురాలై తిరిగి వచ్చినది. అందరును సంబరపడిరి. కాని క్లార్కునకు కండరముల బాధలు ఒకదానివెంట నొకటి తగిలినవి. జూలై మధ్యలో తొడమొదటి కండరము నొచ్చిన తరువాత ఆమె ఆ సంవత్సరము మరల ఆడలేదు. మొత్తము 44 ఆటలలో ఆమె యాడినవి 13 మాత్రమే. ఆగష్టు నెలలో ఫీనిక్సు పట్టణమున ఒకే యాటలో ఇద్దరు, సిడ్నీ కోల్సను, ఆరీ మెక్‌డొనాల్డు, గాయపడి ఆ సంవత్సరమునకు సెలవు గైకొనిరి. తరువాత పది దినములకు సోఫీ కన్నింగుహాము. క్లోయీ బిబీ అను నామెయు మోకాలి బాధచే తొలగెను. ఇట్లు ఐదుగురు. అప్పటికి ఏ జట్టులోను లేని ఓడిసీ సిమ్సు అను నామెను, ఆపత్కాలమున మాత్రమే చెల్లు నొక నిబంధన క్రింద, పిలిపించుకొని పని గడుపుకొనిరి. ఇరుగింటి నుండి చారెడు బియ్యము తెచ్చుకొని అతిథిని సాగనంపిన యిల్లాలి వలె నున్నది మాకు ఈ వ్యవహారము. ఆ సిమ్సు ఎంత చక్కగా నాడినదో చూచినవారికి ఎరుకయే.

ఇంతలో భారమంతయు కెల్సీ మిచెలు మీద బడినది. ఈమె 2018 నుండి ఆ జట్టులోనే యున్నది. ఆ అయిదు గెలుపుల సంవత్సరమున కూడ ఈమె అక్కడనే! క్లార్కు వచ్చిన పిదప పత్రికలవారు, ప్రేక్షకులు వేలకొలది వచ్చిరి గాని, ఈమె పేరు రెండవ పంక్తిలోనే వినబడెడిది. 2025లో 44 ఆటలును విడువక ఆడినది. ఆటకు సగటున 20 పాయింట్లకు పైగా చేసినది. కన్నింగుహాము గాయపడిన దినముననే, కనెక్టికట్ జట్టుపై 21 పాయింట్లు వెనుకబడియుండి, తుదకు అదనపు సమయమున గెలిచిరి. ఆ యాటలో మిచెలు ఒక్కతెయే 38. జట్టు 24 గెలుపులతో తుదిపోటీలకు వెడలి, అట్లాంటా జట్టును వారి యూరిలోనే 87–85 తో ఓడించి, ఉపాంత్యమున లాస్ వెగాస్ వారిని ఐదవ యాట దాక నిలువరించినది. ఆ లాస్ వెగాస్ వారే యా సంవత్సరపు విజేతలు.

ఆ యైదవ యాట నడుమ మిచెలు కాళ్లు కదల్పజాలక పోయెను. ఆమెను ఆసుపత్రికి గొనిపోయిరి. అతిశ్రమచే కండరముల పోగులు చితికి, వానిలోని పదార్థములు రక్తమున గలియుట యను రుగ్మత యిది. మూత్రపిండములకు సైతము ముప్పు తెచ్చునట. తరువాత ఆమెయే ఈ సంగతి వెల్లడించినది. ఆమె లేకయు తోడివారు ఆ యాటను అదనపు సమయము వరకు లాగి, 107–98 తో ఓడిరి. ఆ యుదయము మేము పొయ్యి వెలిగించుట గంట యాలస్యమైనది.

కావున తదుపరి ఆటకాలమును తూచునప్పుడు క్లార్కు కాలి కండరమొక్కటే త్రాసులో వేయుట చాలదు. రామాయణమున భరతుడు నందిగ్రామమున నుండి పాదుకల పేర పదునాలుగేండ్లు రాజ్యభారము వహించి, అన్న రాగానే అప్పగించెను. లోకము దానిని మెచ్చుకొన్నది; మెచ్చుకొనదగినదే. సింహాసనమున ఒక్కరికే చోటు. ఆటస్థలమున అట్లు కాదు. క్లార్కు వచ్చినదని మిచెలు ప్రక్కకు తొలగినచో జట్టు చెడును. క్లార్కు వచ్చినను మునుపటివలెనే మిచెలు ఒక్కతెయే మోసినచో మరల ఆసుపత్రియే. క్లార్కు 2025లో ఆడిన 13 ఆటలలో జట్టు గెలిచినవి 8, ఓడినవి 5. ఆమె లేని 31 ఆటలలో గెలిచినవి 16, ఓడినవి 15. భేదమున్నది, కాదనము. అయినను దాపున చేతులు లేనిచో ఆ భేదము నిలువదు. మిచెలుకు ఎదుటివారి కాపు కొంత తగ్గుట క్లార్కు వలని లాభము. క్లార్కు అలసినప్పుడు బంతిని ముందుకు నడుపగల మరియొకతె యుండుట జట్టునకు అవసరము. బోస్టను వలయము దాపున నిలిచి ఇద్దరికిని బంతి నందింపగలదు. ఈ ముగ్గురును ఆరోగ్యముగా నుండి, ఆరవ యేడవ స్థానముల వారు గట్టివారైనచో, ప్రథమస్థానము ఆశింపదగినదే యని మేము ధైర్యముగా చెప్పుదుము.

ఆట సంఖ్య మాట యొకటి. 2021లో 32గా నున్న ఆటలు 2025 నాటికి 44 అయినవి. ఆడు నెలలు మాత్రము ఆ లెక్కను పెరుగలేదు. పని పెంచి దినము పెంచకున్న ఏమగునో మన యిండ్లలో ఎవరికి తెలియదు?

డబ్బు సంగతియు విడువరాదు. 2025లో క్లార్కు సంఘమునుండి పొందిన జీతము 78,066 డాలర్లు. ఎంతటివారికైనను మించరాని హద్దు 249,244. ప్రకటనలవలన వచ్చునది వేరు. ఆమె మూలమున నిండిన ఆటశాలలను, పెరిగిన రాబడిని చూచినవారికి ఈ యంకె వింతగా దోచును. ఆ యేడు జూలైలో ఇండియానాపోలిసుననే జరిగిన మేటి క్రీడాకారిణుల ప్రదర్శనపు ఆటకు అందరును తమకు రావలసినది తమ కిమ్మని వ్రాసిన చొక్కాలు తొడిగి వచ్చిరి. తన యూరి ఆటయే యయ్యును క్లార్కు గాయము వలన ఆ దినము ఆడలేకపోయినది. సంఘమునకును క్రీడాకారిణులకును గల పాత యొడంబడిక గడువు ఆ యక్టోబరుతో తీరునదిగా నుండుటచే, చాలమంది తమ సొంత ఒడంబడికలను 2025తోడనే ముగియునట్లు వ్రాసికొనిరి. మిచెలుదియు నట్టిదే. 2026కు టొరాంటో, పోర్ట్‌లాండు అను రెండు క్రొత్త జట్లు చేరునట్లు ఏర్పాటైయుండుటచే ఆమె వంటివారిని కోరువారికి కొదువ లేదు. ఆరు సంవత్సరములు ఓటమి మెతుకులు తిని నిలిచినదానికి ఆ జట్టు ఏమి వెల కట్టునో చూచి, తక్కిన జోస్యము చెప్పుట మేలని మేమప్పుడే యనుకొంటిమి.

మా వారు పాఠశాలలో పిల్లలకు లెక్కలు నేర్పుచు, గెలుపు సంభవములను సైతము భిన్నములలో చెప్పుదురు. మేము అట్లు చెప్పలేము. ఆటకాలపు మొదటి వారములలో మేము చూచునది పాయింట్లు కాదు. రెండవ పాదమున, జట్టు పది పాయింట్లు వెనుకబడియున్నప్పుడు సైతము, శిక్షకురాలు మిచెలును పిలిచి, భుజముపై తువాలు కప్పి, బల్లపై కూర్చుండబెట్టునా లేదా యని చూచుచుందుము.