లైసెన్స్ సస్పెండ్ అయితే ఐడీ సంగతేంటి?

అమెరికాలో డ్రైవింగ్ లైసెన్స్ అంటే బండి నడపడానికి మాత్రమే అనుకుంటాం. మన దగ్గర ఆధార్, పాన్, ఓటర్ కార్డు.. ఏదో ఒకటి జేబులో ఉంటుంది. ఇక్కడ అపార్ట్‌మెంట్ అద్దెకైనా, బ్యాంకులోనైనా, పార్సిల్ తీసుకోవాలన్నా ముందు అడిగేది లైసెన్సే.

నేను శాన్ హోసేలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. పోయిన ఏడాది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చింది. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. రెండుసార్లూ ఇంట్లోనే. స్పృహ తప్పే జబ్బని తేలితే కాలిఫోర్నియాలో డాక్టర్ ఆ విషయం కౌంటీ ఆరోగ్య అధికారికి తెలియజేయాలి, చట్టం అలా ఉంది. అక్కణ్నుంచి డీఎంవీకి వెళ్తుంది. డీఎంవీ అంటే మన ఆర్టీఏ ఆఫీసు లాంటిదే. కొన్నాళ్లకి నాకు ఉత్తరం వచ్చింది. లైసెన్స్ సస్పెండ్!

"కార్డు నీ దగ్గరే ఉందిగా బ్రో, చూపించేయ్. ఎవరు చెక్ చేస్తారు?" అన్నాడు రూమ్మేట్. అమ్మ భయం వేరు. "ఎవరికీ చెప్పకు నాన్నా. సంబంధాలు చూస్తున్నాం. లైసెన్స్ ఎందుకు పోయిందని అడిగితే ఏం చెప్తాం? ఆరోగ్యం కోసం నడుస్తున్నాడని చెప్తాలే" అంది. మందులు వేసుకున్నావా అని మాత్రం రోజూ రెండుసార్లు అడుగుతుంది.

సస్పెండైన కార్డు పట్టుకుని తిరగడం నాకు నచ్చలేదు. దారి సులువుగానే ఉంది. లైసెన్స్ ఇచ్చే ఆ డీఎంవీయే, బండి నడపని వాళ్లకి ఐడీ కార్డు కూడా ఇస్తుంది. సస్పెన్షన్ నడిపే హక్కుకే. మీరెవరో చెప్పే కార్డుకి అది అడ్డు కాదు. ట్రాఫిక్ కేసులో సస్పెండైనా అంతే.

ఆన్‌లైన్‌లో ఫారం నింపి వెళ్లాను. పాస్‌పోర్టు, ఐ-94, హెచ్1బీ అప్రూవల్ కాగితం, అడ్రస్ ప్రూఫ్‌గా లీజు, బ్యాంకు స్టేట్‌మెంట్. ప్రూఫులు రెండు ఉండాలి, ఒకటి సరిపోదు. ఫొటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు. రియల్ ఐడీ కార్డు మనిషికి ఒక్కటే ఉండాలి, లైసెన్సో ఐడీనో. అందుకని పాత కార్డు ఇచ్చేశాను. కౌంటర్లో ఆవిడ ఎందుకు సస్పెండైందని ఒక్క ముక్క కూడా అడగలేదు. నేను రాత్రంతా ప్రిపేరైన స్పీచ్ వేస్టయింది!

కార్డు పోస్టులో వస్తుంది. అప్పటిదాకా ఇచ్చే కాగితం ఎయిర్‌పోర్టులో చెల్లదు. 2025 మే 7 నుంచి దేశంలో తిరిగే ఫ్లైట్లకి కూడా రియల్ ఐడీ గానీ, వాళ్లు ఒప్పుకునే వేరే గుర్తింపు గానీ ఉండాలి. మన ఇండియన్ పాస్‌పోర్టు ఆ లిస్టులో ఉంది. డాలస్‌లో బావ గృహప్రవేశానికి నేను దాంతోనే వెళ్లాను. ఇంకోటి, మనలాంటి వీసా వాళ్లకి కార్డు గడువు మన స్టే గడువుతోనే అయిపోతుంది. ఎక్స్‌టెన్షన్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ క్యూ తప్పదు.

కొత్త కార్డు మీద నంబర్ పాతదే. 'డ్రైవర్ లైసెన్స్' అని ఉండే చోట 'ఐడెంటిఫికేషన్ కార్డ్' అని ఉంది, అంతే. లైసెన్స్ తిరిగి రావాలంటే డాక్టర్ నింపిన ఫారం వెళ్లాలి, ఫిట్స్ అదుపులో ఉన్నాయని వాళ్లకి నమ్మకం కుదరాలి. ఈలోపు ఆఫీసుకి లైట్ రైల్, సరుకులకి రూమ్మేట్ కారు.

అమ్మ చూసిన సంబంధాల్లో ఒకమ్మాయితో ఈమధ్య ఫోన్లో మాట్లాడాను. సియాటిల్‌లో ఉంటుంది. మొదటి కాల్‌లోనే ఫిట్స్ సంగతి, లైసెన్స్ సంగతి చెప్పేశాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. కట్ చేసిందేమో అనుకున్నా.

"మరి నేను వస్తే ఎయిర్‌పోర్టుకి ఎలా వస్తారు?" అంది.

"బస్సులో" అన్నాను.

"సరే, అయితే లగేజీ తక్కువ తెస్తా."

ఈ ముక్క అమ్మకి ఇంకా చెప్పలేదు.