సగం లెక్క

కర్నూలు జిల్లా పడమటి భాగాన వొక బళ్ళో లెక్కలు చెప్పాను. సంక్రాంతి దాటేసరికి తరగతిలో సగం బెంచీలు ఖాళీ అయ్యేవి. వాననే నమ్ముకున్న చేలు కడుపు నింపక, కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకు వలసపోయేవి. వాళ్లకు కూలి తూకాన్ని బట్టి. కాబట్టి పిల్లల చేతులూ అవసరమయ్యేవి.

ఆరో తరగతి కుర్రాడొకడు మార్చిలో తిరిగివచ్చాడు. భిన్నాలు రావు. “మొద్దు” అన్నాను. వాడు తల వంచుకుని, “తూకం లెక్క వస్తుంది సార్” అన్నాడు. కిలోలెన్నో, కూలి యెంతో, అందులో మేస్త్రీ బాకీకింద పట్టుకున్నదెంతో నోటితోనే చెప్పాడు. నాకు మాట రాలేదు.

2001లో సుప్రీంకోర్టు ప్రాథమిక పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టమంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 యేళ్ల పిల్లలకు చదువును హక్కు చేసింది. రెండూ పోరాడి నిలుపుకోవలసినవే. అయినా వూళ్లో పని లేనప్పుడు బడి తెరిచివుండి ప్రయోజనమేమిటి? తల్లిదండ్రుల వెంటే పిల్లలూ పోతారు. మనం తెలివిని కొలుస్తున్నామనుకుంటూ, తండ్రికున్న మాగాణిని కొలుస్తున్నాం.

ఆ యింటికి యేడాదిలో యెన్ని నెలలు పని దొరికిందో అడగకుండా మార్కులు వేసే ఉపాధ్యాయుడు చేసేది సగం లెక్క. నేనూ యేళ్ల తరబడి అదే చేశాను.